అతిమధురం కడుపుకి మంచిదే... మరి బీపీకి?

గొంతు బొంగురుపోతే అతిమధురం పుల్ల బుగ్గన పెట్టుకోమంటారు మన పెద్దవాళ్లు. అదే వేరుని ఇప్పుడు పొడి చేసి, కడుపులో అల్సర్‌కి మందంటూ డబ్బాల్లో అమ్ముతున్నారు. వేళకి తినకుండా తలనొప్పి మాత్రలతో నెట్టుకొచ్చే మా ఐటీ వాళ్లకి ఇలాంటివి చూస్తే ఆశ పుడుతుంది.

ఉత్త నమ్మకమేం కాదు. అతిమధురం సారంతో కడుపు పుండ్లు మానుతున్నాయని 1946లో నెదర్లాండ్స్ డాక్టరు రెవర్స్ రాశాడు. ఆ వేరులోని గ్లైసిరైజిన్ నుంచి తయారైన కార్బెనాక్సొలోన్ అనే మందుని 1960ల్లో బ్రిటన్‌లో అల్సర్ రోగులకి ఇచ్చేవారు.

కడుపులో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. అది కడుపు గోడనే తినేయకుండా కాపాడేది ఒక జిగురు పొర. ఆ పొర ఊరుతూ ఉండాలంటే ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వీటి తయారీకే గండికొడతాయి. కార్బెనాక్సొలోన్ దానికి ఉల్టా. ఉన్న ప్రోస్టాగ్లాండిన్లు త్వరగా విరిగిపోకుండా ఆపుతుంది.

ఇంత మంచి మందు ఎందుకు మూలపడింది? కొందరికి ఒళ్లు నీరుపట్టి ఉబ్బడం రెవర్సే గమనించాడు. కిడ్నీల్లో కార్టిసాల్‌ని అదుపులో పెట్టే ఎంజైముకి కూడా గ్లైసిరైజిన్ అడ్డుపడుతుంది. దాంతో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. 1970ల్లో సిమెటిడిన్ లాంటి కొత్త మందులు రాగానే డాక్టర్లు అటు మళ్లారు. గ్లైసిరైజిన్ తీసేసిన డీజీఎల్ మాత్రలతో ఈ బాధ పెద్దగా ఉండదు గానీ, అవి పుండు మాన్పుతాయనడానికి గట్టి రుజువు లేదు.

‘పరిశోధనలో తేలింది’ అన్న మాట కనిపిస్తే కాస్త ఆగి చూడండి. చాలావాటిలో ఎలుకలకి ముందు మొక్క సారం పట్టించి, తర్వాత ఆల్కహాలో ఆస్పిరినో ఇచ్చి పుండ్లు ఎన్ని పడ్డాయో కొలుస్తారు. పుండు పడకుండా ఆపడం వేరు, పడ్డ పుండుని మాన్పడం వేరు కదా!

పైగా చాలా అల్సర్లకి మూలం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. 1982లో దీన్ని పట్టుకున్న ఆస్ట్రేలియా డాక్టర్లు మార్షల్, వారెన్‌లకి 2005లో నోబెల్ వచ్చింది. దీనికి యాంటీబయాటిక్స్ పడాల్సిందే. పొడి తిని మంట తగ్గిందనుకోవడం, మా భాషలో చెప్పాలంటే, బగ్ వదిలేసి ఎర్రర్ మెసేజ్ కనపడకుండా చేయడమే.

బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, ఒంట్లో నీరు తగ్గే మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు అతిమధురం పొడి జోలికి పోకపోవడమే మంచిది. విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.