హక్కుకూ బదిలీ ఉంటుంది

‘బదిలీ’ అనే మాట మన బళ్లో ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు. అమ్మకో నాన్నకో ఆర్డరు వస్తుంది, సామాన్లు లారీ ఎక్కుతాయి, టీసీ తీసుకుని మరో ఊళ్లో చేరతారు. మనుషులకే కాదు, రాసిన రాతల మీద ఉండే హక్కుకు కూడా బదిలీ ఉంటుంది. ఆ సంగతి ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను.

విజ్ఞాన ప్రదర్శన కోసం తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి మీద చార్టు తయారుచేస్తున్నాడు. ఇంటర్నెట్‌లో వెతికితే ఆయన 1925లో రాసిన పరిశోధన వ్యాసం నొక్కగానే తెరుచుకుంది. అదే విషయం మీద ఈమధ్య వచ్చిన మరో వ్యాసం మాత్రం నాలుగు వాక్యాలు చూపించి, మిగతాది చదవాలంటే డాలర్లు కట్టమంది. “మేడమ్, రెండూ సైన్సే కదా! ఒకటి ఉచితంగా ఇచ్చి, ఇంకోదానికి తాళం ఎందుకు వేశారు?” అని అడిగాడు.

జవాబు తెలియాలంటే ముందు పరిశోధన పత్రిక ఎలా నడుస్తుందో తెలియాలి. శాస్త్రవేత్త తాను కనుగొన్న విషయాన్ని వ్యాసంగా రాసి పత్రికకు పంపుతారు. అదే రంగంలోని ఇతర నిపుణులు దాన్ని చదివి తప్పులు చూపిస్తారు. వారు సరేనన్నాకే వ్యాసం అచ్చవుతుంది. 1665లో లండన్‌లో మొదలైన ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ ఇలాంటి పత్రికల్లో తొలితరానిది. అది నేటికీ వెలువడుతోంది. ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. కథల పత్రికలు రచయితకు పారితోషికం ఇస్తాయి. పరిశోధన పత్రికల్లో సాధారణంగా వ్యాసం రాసినవారికీ, తప్పులు చూసినవారికీ డబ్బు ముట్టదు.

ఇక కాపీరైట్ సంగతి. మీరు ఈ పత్రికకు ఒక కథ రాసిస్తే, కాగితం మీద పెట్టిన క్షణం నుంచే దానిపై హక్కు మీది. ఎక్కడా రిజిస్టరు చేయించనక్కరలేదు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు రచయిత జీవితకాలమూ, ఆ తర్వాత మరో 60 ఏళ్లూ ఉంటుంది. అయితే కాపీరైట్ కాపాడేది రాసిన తీరును, వాక్యాలను, బొమ్మలను. అందులోని విషయం, ఆలోచన ఎవరి సొత్తూ కావు. వ్యాసం చదివి అందులోని సంగతిని మీ సొంత మాటల్లో చెప్పవచ్చు. ఆ వ్యాసాన్నే మళ్లీ అచ్చువేయాలంటే మాత్రం అనుమతి కావాలి.

ఇక్కడే బదిలీ జరుగుతుంది. చాలా పత్రికలు వ్యాసం అచ్చువేసే ముందు రచయిత చేత ఒక ఒప్పందం మీద సంతకం చేయిస్తాయి. దాంతో హక్కు రచయిత చేతి నుంచి ప్రచురణకర్త చేతికి వెళుతుంది. ప్రచురణకర్త ఆ వ్యాసాన్ని చందాలకు అమ్ముతారు. ఒక్కోసారి రాసినాయనే తన వ్యాసాన్ని నలుగురికీ పంచాలంటే వారిని అడగాల్సి వస్తుంది. ప్రచురణకర్తకూ ఖర్చులుంటాయి నిజమే. కానీ చందా కట్టలేనివారి మాటేమిటి?

పశ్చిమ ఆఫ్రికాలో లైబీరియా అనే చిన్న దేశం ఉంది. 2014లో అక్కడా పొరుగు దేశాల్లోనూ ఎబోలా వ్యాధి చెలరేగింది. అది అణగేలోపు 11,000 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రాంతంలో ఎబోలా లేదని అంతకుముందు అందరూ అనుకునేవారు. కానీ లైబీరియాలో ఎబోలా ఉన్న జాడలు కనిపించాయని 1982లోనే ఒక యూరప్ పత్రికలో వ్యాసం వచ్చింది. 2015లో లైబీరియా ఆరోగ్య అధికారులు ఈ సంగతి బయటపెడుతూ, అలాంటి ఒక వ్యాసం కొనాలంటే 45 డాలర్లు అవుతుందనీ, అది అక్కడి డాక్టరుకు సుమారు సగం వారం జీతమనీ రాశారు. ఆ పరిశోధనల్లో తమ దేశపు శాస్త్రవేత్తలకు చోటివ్వలేదని కూడా చెప్పారు. తాళం ఒక్కటే కారణం కాకపోవచ్చు. కానీ ఎవరి ప్రాణాల గురించి రాశారో వారికే ఆ రాత అందలేదు.

ఈ ఇబ్బందికి విరుగుడుగా వచ్చిందే ఓపెన్ యాక్సెస్, అంటే అందరికీ ఉచితంగా చదువు అందించే పద్ధతి. 2002లో బుడాపెస్ట్ నగరం పేరుతో వెలువడిన ప్రకటన దీనికి ఊపునిచ్చింది. అదే ఏడాది క్రియేటివ్ కామన్స్ సంస్థ తన లైసెన్సులను విడుదల చేసింది. లైసెన్సు అంటే రచయిత ముందుగానే రాసిపెట్టే అనుమతి పత్రం. హక్కు తన దగ్గరే ఉంచుకుని, “ఈ షరతులు పాటిస్తే నన్ను అడగకుండానే వాడుకోండి” అని చెప్పడమన్నమాట. ఆ షరతులు నాలుగు:

బై: రాసినవారి పేరు చెప్పాలి.
ఎస్‌ఏ: మార్చి పంచితే, మీరు చేసినదానికీ ఇదే లైసెన్సు ఇవ్వాలి.
ఎన్‌సీ: వ్యాపారానికి వాడకూడదు.
ఎన్‌డీ: మార్చినదాన్ని పంచకూడదు.

‘సీసీ బై’ అని ఉన్న వ్యాసాన్ని మీరు తెలుగులోకి అనువదించి, పేరు చెప్పి, ఈ పత్రికలోనే వేసుకోవచ్చు. ఎన్‌డీ ఉంటే అనువాదం కూడా మార్పే కాబట్టి, విడిగా అడగాలి.

మరి ఖర్చెవరు భరిస్తారు? కొన్ని ఓపెన్ పత్రికలు రచయిత దగ్గరే రుసుము తీసుకుంటాయి. పేద దేశాల శాస్త్రవేత్తలకు అది మరో భారం. కొన్నిటిని విజ్ఞాన సంస్థలే పోషిస్తాయి. సి.వి.రామన్ 1934లో బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన పత్రికల వ్యాసాలను వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతోంది. మన కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు సుమారు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తోంది. గొప్ప మేలే. అయితే ఇది తాళం తీయడం కాదు, ప్రభుత్వం మన తరఫున తాళంచెవి అద్దెకు తీసుకోవడం. ఆ సంస్థల్లో లేనివారికి తలుపు మూసే ఉంటుంది.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్నకు వద్దాం. భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని రూపొందించారు. ఆ వ్యాసం అచ్చైన ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’ 2021 నుంచి పూర్తిగా ఓపెన్ యాక్సెస్ పత్రిక అయింది. పాత సంచికలు కూడా ఎవరైనా చదవవచ్చు. రెండో వ్యాసం హక్కు బదిలీ అయి తాళం వెనక ఉండిపోయింది. తేడా అంతే.

ఊరు మారినప్పుడల్లా పాత బడి లైబ్రరీని వదిలి వచ్చే మీకు ఇలాంటి తలుపు తీసిన లైబ్రరీ విలువ వేరే చెప్పాలా? లేహ్‌లో ఉన్నా పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నా అది మీ వెంటే ఉంటుంది. బదులుగా అది అడిగేది ఒక్కటే. ప్రాజెక్టులో ఒక బొమ్మ అతికించినా, ఒక పేరా తీసుకున్నా, దాని కింద నాలుగు సంగతులు రాయండి: దాని పేరు, చేసినవారి పేరు, ఎక్కడ దొరికింది, ఏ లైసెన్సు. ఉచితంగా దొరికినంత మాత్రాన అది దిక్కులేని సొమ్ము కాదు. పంచుకోమని ఒకరు మనసారా ఇచ్చినది. ఆ ఇచ్చినవారి పేరు తలుచుకోవడం మన మర్యాద.