కారు వణికితే మోటారునే అనుమానించాలా?

ఎలక్ట్రిక్ కారు వణికితే చాలామంది ముందు మోటారునే అనుమానిస్తారు. నిజానికి మొదట చూడాల్సింది చక్రాలు. కారు టైరు చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. మోటారు అంతకు సుమారు 9, 10 రెట్లు ఎక్కువ తిరుగుతుంది కాబట్టి, దాని లోపం సాధారణంగా రొదగా వినిపిస్తుంది తప్ప స్టీరింగ్‌ను ఊపేయదు.

బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదంటారా? అది బరువు తేడాను సరిచేస్తుందే గానీ, గుంతలో పడి వంగిన రిమ్మును కాదు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వణికితే మాత్రం డ్రైవ్‌షాఫ్ట్ లోపలి జాయింటు అరిగిందేమో చూడాలి. ఇక్కడొక మెలిక ఉంది: ఈ కార్లలో కాలు తీయగానే మోటారే బ్రేకులా పనిచేసే రీజెన్ బ్రేకింగ్ మొదలై, జాయింటుపై మళ్లీ భారం పడుతుంది. అందుకే రీజెన్‌ను వీలైనంత తగ్గించి, ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ వదిలి ఇంకోసారి పరీక్షించాలి. అప్పటికీ అదే వేగం దగ్గర వణుకుతుంటే, మళ్లీ చక్రాల దగ్గరికే రావాలి.