బయట 1974, బానెట్ కింద ఇసుజు: మా తాతయ్య అంబాసిడర్ లాంగ్ టర్మ్ రివ్యూ

ఇక్కడ నేను రాసేవన్నీ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించే. ఈసారి రివ్యూ యూనిట్ బరువు టన్ను పైనే. బ్లూటూత్ లేదు, ఏసీ లేదు, నా ఓబీడీ డాంగిల్ పెడదామంటే పోర్ట్ కూడా లేదు. కానీ పోయిన నెల ఈ బండి విషయంలో మా ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. పాత డివైస్‌లో కొత్త హార్డ్‌వేర్ పెడితే అది పాతదా కొత్తదా అన్నదే అసలు గొడవ.

బండి 1974 అంబాసిడర్ మార్క్ 2. పాలకొల్లులో మా తాతయ్య కొన్నది. తెల్ల రంగు, క్రోమ్ బంపర్లు, గుండ్రటి హెడ్‌లైట్లు. పెళ్లిళ్ల సీజన్లో ఎవరో ఒకరు వచ్చి "పెళ్లికొడుకుని ఊరేగించడానికి ఇస్తారా అండీ" అని అడుగుతూనే ఉంటారు. బానెట్ ఎత్తితే మాత్రం కథ వేరు.

స్పెక్స్: అప్పుడు, ఇప్పుడు

కంపెనీ ఇచ్చిన ఇంజిన్: 1489 సీసీ పెట్రోల్, సుమారు 50 హార్స్‌పవర్, 4 గేర్లు, గేర్ రాడ్డు స్టీరింగ్ పక్కన.
ఇప్పుడున్న ఇంజిన్: ఇసుజు 1817 సీసీ పెట్రోల్, 75 హార్స్‌పవర్, 5 గేర్లు, గేర్ రాడ్డు కింద ఫ్లోర్ మీద.

అంబాసిడర్ అంటే బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారుకి మన దేశపు రూపం. 1950ల చివర్లో మొదలై 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీ ఆగేదాకా ఆకారం పెద్దగా మారలేదు. లోపల మాత్రం మారింది. 1990లలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే అదే బాడీలో జపాన్ ఇసుజు ఇంజిన్ పెట్టి అమ్మారు. మన భాషలో చెప్పాలంటే, అదే కేసింగ్, కొత్త చిప్‌సెట్.

తాతయ్య ఐడియా అక్కడి నుంచి వచ్చిందే. కంపెనీయే అదే బాడీలో ఈ ఇంజిన్ పెట్టింది కాబట్టి మౌంటింగులు, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ దొరుకుతాయి. ఎక్కడా ఛాసిస్ కోయక్కర్లేదు.

అసలు ఎందుకు మార్చారు?

స్టైల్ కోసం కాదు. 1999 మే నెలలో అమ్మమ్మకి గుండెలో నొప్పి వస్తే విజయవాడ తీసుకెళ్తున్నారు. ఏలూరు దాటాక బండి ఆగిపోయింది. అరగంటకి స్టార్ట్ అయ్యి, హనుమాన్ జంక్షన్ దగ్గర మళ్లీ ఆగింది.

దీన్ని వేపర్ లాక్ అంటారు. పాత పెట్రోల్ బళ్లలో ఫ్యూయల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. ఎండాకాలం ఇంజిన్ వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు కానీ ఆవిరిని లాగలేదు. అప్పట్లో అందరికీ తెలిసిన చిట్కా ఒకటే: పంపు మీద తడిగుడ్డ వేసి ఆగడం. అమ్మమ్మ వెనక సీట్లో పడుకుని ఉంటే, తాతయ్య రోడ్డు పక్క కాలవలో తువ్వాలు తడిపి తెచ్చి పంపుకి చుట్టారు. మా అమ్మ ఇప్పటికీ ఆ తువ్వాలు రంగు చెప్తుంది.

అమ్మమ్మ బతికింది, ఇంకో 16 ఏళ్లు ఉంది. ఆమె డిశ్చార్జ్ అయిన నెల తర్వాత తాతయ్య బండిని విజయవాడ ఆటోనగర్‌లో వదిలారు. యాక్సిడెంట్‌లో బాడీ పోయిన ఒక అంబాసిడర్ నుంచి ఇసుజు ఇంజిన్, గేర్‌బాక్స్ తీయించి దీంట్లో పెట్టించారు. రేడియేటర్ మార్చారు. ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు ట్యాంకు దగ్గర పెట్టారు, అంటే ఇంజిన్ వేడికి దూరంగా. అది పెట్రోల్‌ని లాగదు, వెనక నుంచి తోస్తుంది. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు కూడా వేయించారు. పవర్ పెంచి బ్రేకులు పాతవే ఉంచితే అది అప్‌గ్రేడ్ కాదు, ప్రమాదం. తర్వాత ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబర్ రాయించారు. పాత ఇంజిన్‌కి గ్రీజు పూసి, గోనెపట్టాలో చుట్టి కొట్టంలో పెట్టారు.

రోడ్డు మీద ఎలా ఉంది?

పాలకొల్లు నుంచి విజయవాడ దాకా నేనే నడిపా. మొదటి 10 నిమిషాల్లోనే అర్థమయ్యేది ఏంటంటే, ఇంజిన్ కొత్త కాలానిది, మిగతాదంతా పాత కాలానిది. హైవే మీద ఐదో గేర్‌లో 80 దగ్గర బండి హాయిగా పోతుంది. డాష్‌బోర్డ్ మీటర్ 80 చూపిస్తుంటే నా ఫోన్ జీపీఎస్ 73 చూపించింది, అది వేరే విషయం. ఓవర్‌టేక్‌కి గేర్ దించితే వెంటనే లాగుతుంది. పక్కన కొత్త హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నతను రెండుసార్లు తిరిగి చూశాడు.

కానీ మలుపుల్లో బాడీ పడవలా ఊగుతుంది. వెనక లీఫ్ స్ప్రింగులే కదా. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి పార్కింగ్ అంటే జిమ్‌కి వెళ్లినట్టే. వెనక సీటు మాత్రం ఇప్పటి ఏ సెడాన్‌కీ తీసిపోదు.

బయట నుంచి చూస్తే ఏ తేడా తెలీదు. ఏ బ్యాడ్జీ లేదు, స్టిక్కర్ లేదు. పట్టిచ్చేది ఒకే ఒక్కటి: స్టీరింగ్ పక్కన ఉండాల్సిన గేర్ రాడ్డు కింద ఉండటం.

పంచాయితీ ఇక్కడే

తాతయ్యకి 86 ఏళ్లు. డ్రైవింగ్ మానేశారు. ఇల్లు పడగొట్టి కట్టాలి, బండి పెట్టే చోటు లేదని మామయ్య అమ్మకానికి పెట్టాడు. పాత కార్లు సేకరించే ఒకాయన వచ్చి చూసి, "ఒరిజినల్ ఇంజిన్ తిరిగి పెట్టించి ఇస్తే మంచి రేటు ఇస్తా" అన్నారు.

ఆయన లెక్క ఇది. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, నంబర్‌లో 'వీఏ' అని వస్తుంది. ఇంజిన్‌లోగానీ బాడీలోగానీ పెద్ద మార్పులు ఉండకూడదు. అంటే ఇన్నేళ్లు బండిని బతికించిన ఇంజినే ఇప్పుడు దాని విలువ తగ్గిస్తోంది.

నేను రూల్స్ మొత్తం చదివా. ఇంకో షరతు ఉంది. వింటేజ్‌గా రిజిస్టరైన బండిని రోజువారీగా తిప్పకూడదు. ఎగ్జిబిషన్లు, ర్యాలీలు, రిపేరు, పెట్రోల్ లాంటి వాటికే రోడ్డెక్కాలి.

అదే తాతయ్యకి చెప్పా. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్ నాన్నా, ఆ పాత ఇంజిన్ మంచిదే. కానీ ఆ రోజు నన్ను రోడ్డు మీద నిలబెట్టేసింది. దాన్ని మళ్లీ నా చేత్తో పెట్టించమంటావా?" అన్నారు.

మామయ్య ఇంకేం అనలేదు. బండి ఇప్పుడు నా దగ్గరే ఉంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఇన్సూరెన్స్, పార్కింగ్ అద్దె నా జీతంలోంచే. కొత్త ఫ్లాగ్‌షిప్ ఫోన్ ఈ ఏడాదికి క్యాన్సిల్.

మీరు కూడా చేయొచ్చా?

తొందరపడకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ముందు ఆర్టీవోలో అడిగి, ఏది కుదురుతుందో తెలుసుకున్నాకే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఇంజిన్ నంబర్ ఆర్సీతో మ్యాచ్ కాకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ఇరుక్కుంటారు.

ప్లస్‌లు: ఎండలో ఆగదు, హైవేకి సరిపడా పవర్, పాత లుక్ చెక్కుచెదరలేదు, వెనక సీటు.
మైనస్‌లు: మైలేజ్ అడగొద్దు, బరువైన స్టీరింగ్, వింటేజ్ నంబర్ రాదు, హెడ్‌రెస్టులు లేవు.

ఫైనల్ మాట: డబ్బు లెక్కలో చూస్తే నేను తీసుకున్నది తప్పు నిర్ణయమే. పోయిన ఆదివారం తాతయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టి హనుమాన్ జంక్షన్ దాకా తీసుకెళ్లా. మిట్టమధ్యాహ్నం ఎండ. బండి ఎక్కడా ఆగలేదు. ఆయన మాత్రం ఒకచోట ఆపమన్నారు. దిగి, కాలవ వైపు చూసి, టీ తాగి, "పద" అన్నారు.