ఎండిన లోయల్లో నీటి జాడలు

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి పెట్రాకు ఎడారి హైవే మీద దాదాపు మూడు గంటల ప్రయాణం. అక్కడికే చేరే పాత దారి ‘రాజమార్గం’ కొండలెక్కి లోయలు దిగుతూ రోజంతా సాగుతుంది. అయినా వెళ్లాల్సింది ఈ దారినే. బైబిల్లో ప్రస్తావన ఉన్న ఈ బాట వెంట ఒకప్పుడు ఒంటెల బిడారులు ధూపద్రవ్యాలు మోసుకెళ్లాయి. 2వ శతాబ్దంలో రోమన్ చక్రవర్తి ట్రాజన్ దీన్ని రాళ్లు పరిచిన రహదారిగా మార్పించాడు.

మొదటి మజిలీ మదబా. ఇక్కడి సెయింట్ జార్జ్ చర్చి నేల మీద 6వ శతాబ్దంలో రంగురాళ్లతో పొదిగిన పటం ఉంది. పవిత్ర భూమిని చూపే పటాల్లో నేటికీ మిగిలినవాటిలో ఇదే పాతది. అందులో జెరూసలేం వీధులు చక్కగా పోల్చుకోవచ్చు. అంతకన్నా ముచ్చటైనది జోర్డాన్ నదిలోని చేప. మృతసముద్రపు ఉప్పునీటికి జడిసి అది వెనక్కి ఈదుతోంది.

మదబా నుంచి పడమటి లోయలోకి దిగితే మాయిన్ జలపాతాలు. ఎగువ పీఠభూమి మీద పడిన వాన రాతి పగుళ్లలోంచి లోతుకు ఇంకి, భూగర్భపు వేడికి కాగి, ఊటలై పైకి వస్తుంది. ఎడారి కొండ మీదినుంచి పొగలు కక్కుతూ వేడినీళ్లు దూకుతుంటాయి. ఈ చోటు సముద్రమట్టానికి 264 మీటర్ల దిగువన ఉంది.

దక్షిణంగా రాజమార్గానికి అడ్డంగా వాదీ ముజీబ్ లోయ నోరు తెరుస్తుంది. రోడ్డు మెలికలు తిరుగుతూ అడుగుకు దిగి, మళ్లీ అవతలి గట్టుకు ఎక్కుతుంది. ఈ లోయలో పారే వాగు మృతసముద్రంలో కలిసే చోట, ఎత్తైన ఇసుకరాతి గోడల నడుమ ప్రవాహానికి ఎదురు నడిచే దారి ఉంది. లైఫ్ జాకెట్ వేసుకుని, తాళ్లు పట్టుకుని నీళ్లలో వెళ్తే చివర జలపాతం. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే లోపలికి వదులుతారు.

1188లో సలాదీన్ సేనల వశమైన క్రూసేడర్ల కోట కెరక్‌ను చూసుకుని ముందుకు సాగితే పెట్రా. ఏడాదికి సుమారు 150 మిల్లీమీటర్ల వాన పడే చోట నబాటియన్లు అనే ప్రాచీన జాతివారు మహానగరం కట్టారు. లోపలికి దారి ‘సిక్’ అనే 1.2 కిలోమీటర్ల ఇరుకు సందు. చాలామంది దాని చివర, దాదాపు 40 మీటర్ల ఎత్తున కొండను తొలిచిన ‘ఖజానా’ కోసం పరుగులు తీస్తారు. పేరు ఖజానా అయినా అది సమాధి మందిరమనే పండితులు భావిస్తారు. అసలు నబాటియన్ల గొప్పతనం సిక్ గోడల్లోనే ఉంది. ఒక పక్క రాతిలో తొలిచిన కాలువ, మరో పక్క మట్టిగొట్టాలు. వాటి గుండా ఊటనీరు నగరంలోకి చేరేది. సిక్ మొదట్లో ఆనకట్ట కట్టి, కొండను సొరంగంగా తొలిచి వరదను పక్కకు మళ్లించారు. వానచుక్కను తొట్లలో దాచారు. ఈ పనితనాన్ని చూడకుండా తిరిగొస్తే పెట్రాను సగమే చూసినట్టు.

106లో రోమ్ నబాటియన్ల రాజ్యాన్ని కలుపుకుంది. వాణిజ్యం వేరే దారులు పట్టింది. 363 నాటి భూకంపం నగరాన్ని కుంగదీసింది. 1812లో స్విస్ యాత్రికుడు బర్క్‌హార్ట్ ఈ శిథిలాలను యూరప్‌కు తెలియజేశాడు. స్థానిక బెదూయిన్లకు ఇవి ఎప్పుడూ తెలిసినవే.

లోయలను చెక్కిన నీరే ప్రాణాలూ తీస్తుంది. 1963లో సిక్‌లోకి దూసుకొచ్చిన వరదకు ఇరవై మందికి పైగా ఫ్రెంచి యాత్రికులు బలయ్యారు. 2018 అక్టోబరులో మృతసముద్రం దగ్గరి లోయలో విహారానికి వచ్చిన బడిపిల్లలను వరద ముంచెత్తింది. నెత్తిన ఎండ కాస్తున్నా, ఎక్కడో ఎగువన పడిన వాన నిమిషాల్లో ఇరుకు లోయను నింపేయగలదు. కాబట్టి వాతావరణ హెచ్చరిక ఉన్నప్పుడు, కాపలాదారులు దారి మూసినప్పుడు బతిమాలకుండా వెనుదిరగాలి. ముజీబ్ నడకా, పెట్రా కొండలూ రెండూ కలిపి చూడదలచినవారికి ఏప్రిల్ నెల మేలు.