పొద్దున తీపి... మధ్యాహ్నం పులుపు!

కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో ఎటు చూసినా 'వైన్స్' బోర్డులే. లోపల ఎక్కువగా అమ్ముడయ్యేవి మాత్రం బీరూ, విస్కీ! అసలు వైన్ సంగతికొస్తే, దక్షిణాఫ్రికాలో నిప్పులమీద కాల్చిన మాంసానికి పినోటాజ్ మంచి జోడీ. 1925లో స్టెలెన్‌బాష్‌లో రెండు ద్రాక్షలను కలిపి పుట్టించిన రకమది. ఈ పల్లెల్లోనూ అలాంటి జోడీలున్నాయి. కాకపోతే ఇక్కడ పానీయం కల్లు, లెక్క గంటలది.

తెల్లవారుజామున దించిన ఈతకల్లు తియ్యగా ఉంటుంది. దానికి శనగ గుడాలో, వేయించిన పల్లీలో చాలు. ఎండెక్కేకొద్దీ ఈస్టు అందులోని చక్కెరను తినేస్తుంది. నురుగు, ఘాటు, పులుపు... అప్పుడిక కారం పడాల్సిందే. జొన్నరొట్టె, తలకాయకూర, ఎండుచేపల వేపుడు. అన్నిట్లోకీ బోటికూరదే పైచేయి. పులిసిన కల్లు గుక్క పడితే నాలుకమీది జిడ్డంతా పోతుంది మరి!

అయితే అది చెట్టు కల్లయితేనే. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రజోలం కలుపుతారు. 2015 సెప్టెంబరులో దాడులతో ఆ సరుకు ఆగిపోయినప్పుడు, అప్పటి ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో అలవాటుపడ్డవాళ్లు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రులపాలయ్యారు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ మండలంలో కల్లు తాగి పదుల మంది ఆసుపత్రిలో చేరారు.

కల్తీదారులు తీపి కోసం కలిపే సాక్రిన్ పులవదు. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికీ అలాగే ఉందా? అనుమానించాల్సిందే. పులిసినంత మాత్రాన మత్తుమందు లేదనీ కాదు. అందుకే తెలిసినవాళ్లు దుకాణం సీసా జోలికి పోరు. చెట్టు కిందే నిలబడి, లొట్టి దిగాకే దొప్ప పడతారు.