సూది వేసుకున్నా ముక్కు ఎందుకు కారింది?



ఈసారి పురుగుల గురించి కాదు, వాటిని సాకే మన ముక్కు గురించి రాస్తున్నాం. పోయిన వానాకాలం మా బ్యాచ్ నాలుగో జ్వరం లేచి మూడో రోజు, అంటే ఆకు గంపలు గంపలుగా తినే రోజులు. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో అందరికీ జ్వరం, దగ్గు. పురుగు జ్వరంలో ఉంటే ఆకు ఆపుతాం. మనిషి జ్వరంలో ఉంటే పురుగుకు ఆకు ఎవరు వేయాల? గూళ్ళు పల్చగా వచ్చినాయి. హిందూపురం మార్కెట్టులో వాటికి పలికిన రేటు చెప్పుకోవడానికి కూడా ఇష్టం లేదు.

ఇంట్లో ఫ్లూ సూది వేసుకున్న మేమిద్దరం మూడు రోజులు ముక్కు కార్చుకుని లేచినాం. వేసుకోని మా నాయన పది రోజులు మంచం దిగలేదు. ఒక్క ఇంటి లెక్కతో ఏదీ తేలదు, మాకు వచ్చింది ఫ్లూనో వేరే పడిశమో కూడా పరీక్ష చేయించలేదు. కానీ ఊర్లో వాళ్ళు "సూది వేసుకున్నా వచ్చింది గదా" అంటే జవాబు తెలియక, చదివి తెలుసుకున్నాం.

ఫ్లూ వైరస్ వచ్చేది ముక్కు, గొంతు దారిలో. భుజానికి వేసే సూదిలో ఉండేది చచ్చిన వైరస్ ముక్కలు. దాంతో యాంటీబాడీలు ఎక్కువగా రక్తంలో తయారవుతాయి. అవి ఊపిరితిత్తులను బాగానే కాస్తాయి, ముక్కులోకి మాత్రం కొంచెమే చేరుతాయి. ముక్కు జిగటలో కాపలా ఉండేది ఐజీఏ అనే ఇంకో రకం. అది బాగా పుట్టాలంటే వైరస్ ఆ దారిలోనే తగలాల. అదే మాదిరి, ఒకసారి ఫ్లూ వచ్చి పోతే ఊపిరితిత్తుల్లోనే కాపురం పెట్టే జ్ఞాపక కణాలు కొన్ని ఉంటాయి. రక్తంలో తిరగవు, అక్కడే కాచుకుని ఉంటాయి. భుజం సూది వీటిని పెద్దగా పుట్టించదు. ఇవీ శాశ్వతం కాదు, నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతాయి.

అంటే సూది ఇంట్లో కావలి, ముక్కుది గేటు కావలి. గేటు దాటి దొంగ వచ్చినా ఇల్లు దోచుకోకుండా సూది ఆపుతుంది. టీకా వైరస్‌కు సరిగ్గా కుదిరిన ఏడాదుల్లో డాక్టరు దగ్గరికి పోవాల్సినంత ఫ్లూ 40 నుంచి 60 శాతం తగ్గుతుందని అమెరికా సీడీసీ లెక్క. వైరస్ వేషం మారుస్తుంది కాబట్టి ఏటా కొత్త సూది.

గేటు కావలి కోసం ముక్కులో కొట్టే టీకా కూడా ఉంది. 2009 మే నెలలో మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులో బయటపడింది. మరుసటి ఏడాదే పూణే సీరమ్ ఇన్‌స్టిట్యూట్ నాసోవాక్ అనే ముక్కు టీకా తెచ్చింది. అందులో ఉండేది బతికిన వైరసే, కానీ బలం తీసేసినది. చల్లగా ఉండే ముక్కులో పెరుగుతుంది, వెచ్చని ఊపిరితిత్తుల్లో పెరగలేదు. ఎంత తెలివి చూడండి! ఇట్లాంటి టీకా పిల్లల్లో బాగా పట్టుతుంది. ఎన్నోసార్లు ఫ్లూ చూసిన పెద్దవాళ్ళ ముక్కులో పాత కావలి దాన్నీ తరిమేస్తుంది.

మన పురుగులకు ఈ యోగం లేదు. వాటి ఒంట్లో యాంటీబాడీలు పుట్టవు. అందుకే పాలరోగానికి టీకా లేదు, ప్రతి బ్యాచ్‌కూ బ్లీచింగ్, సున్నం తప్పవు. మన ఫ్లూ వాటికి అంటుతుందా అని కొందరు అడిగినారు. అంటదు.

"జ్వరం వచ్చి పోతేనే మంచి జ్ఞాపకం గదా" అని సూది మానేయొద్దండి. ముసలివాళ్ళకు, గర్భిణులకు, షుగర్, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆ జ్ఞాపకం ఖరీదు చానా ఎక్కువ. సర్కారు ఉచిత టీకాల పట్టికలో ఫ్లూ సూది లేదు, ప్రైవేటులో డబ్బు పెట్టాల. సూది పని మొదలు పెట్టడానికి రెండు వారాలు పడుతుంది. అందుకని ఈ ఏడు మేము వానలకు ముందే, చాకీ పురుగులు తెచ్చే తేదీకి మూడు వారాల ముందు నాయనకు కూడా వేయిస్తున్నాం. ముక్కు కారేవాళ్ళకు మా షెడ్డులో సున్నం చల్లేటప్పుడు కట్టుకునే గుడ్డే మాస్కు.