నాడీకణాభివృద్ధి — నిర్మాణక మాంసకృత్తులు

మానవశరీరమందలి కణములలో నాడీకణమువలె పొడవైనది మఱొకటి లేదు. వెన్నుపాము దిగువభాగమున నుండు చాలకనాడీకణము యొక్క మూలభాగము మిల్లీమీటరులో పదవవంతునకు మించదు. దానినుండి బయలుదేరిన తంతువు మాత్రము పాదమువఱకు, అనగా సుమారొక మీటరు దూరము, సాగిపోవును. పిండదశలో నిదియు తక్కిన కణములవలె గుండ్రముగనే యుండును. అట్టి మెత్తని బిందువు ఇంతదూర మెట్లు సాగెను? సాగినది కూలిపోక యెట్లు నిలిచెను?

స్పెయిను దేశీయుడగు రమోన్ యీ కహాల్ 1890లో కోడిపిండపు వెన్నుపామును పరిశీలించి, పెరుగుచున్న తంతువు కొనయందు శంకువువంటి యుబ్బును కనుగొనెను. దానికే వృద్ధిశంకువని పేరు. ఆయన చూచినవి రంగులద్దిన నిర్జీవపు ముక్కలు. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్పపిండపు కణజాలమును శోషరసపు బిందువులో నుంచి, సజీవమగు తంతువు పెరుగుటను కన్నులార చూచెను. తంతువు పెక్కు కణముల కూర్పు కాదనియు, ఒక్క కణము చాచిన చేయియే యనియు దానితో తేటపడినది.

ఈ చేతికి లోపలి యాధారము మూడువిధములగు మాంసకృత్తులవలన గలుగుచున్నది. వృద్ధిశంకువున నుండునది ఆక్టిన్. దాని సన్నని పోగులు ముందునకు పొడుచుకొనివచ్చి దారి తడవుచుండును. తంతువు నడుమ బారులుతీరి యుండునవి సూక్ష్మనాళికలు. ఇవి ట్యూబులిన్ అను మాంసకృత్తుతో నేర్పడినవి. మూడవవి న్యూరోఫిలమెంట్లు. ఇవి తంతువు గమ్యము చేరినపిమ్మట హెచ్చుగ చేరి దానిని లావుచేయును. లావైన తంతువున వార్త వేగముగ నడచును.

వీనిలో సూక్ష్మనాళికల కథ విశేషమైనది. ట్యూబులిన్ జంటలు వరుసగ కూడి, సాధారణముగ 13 వరుసలు ప్రక్కప్రక్కన చేరి, 25 నానోమీటర్ల వెడల్పుగల గొట్టమగును. ఈ గొట్టము కొన యొకప్పుడు పెరుగుచు, అంతలో హఠాత్తుగ విడిపోవుచు నుండునని 1984లో మిచిసన్, కిర్ష్నర్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఈ యమరికను కణపు అస్థిపంజరమని పుస్తకములందు వ్రాయుట కలదు. ఆ పోలిక కొంత దారితప్పించునట్టిది. ఎముకకంటె దీనికి ఇల్లు కట్టునపుడు వేయు పరంజాయే సరియైన యుపమానము: ఒకచోట విప్పిన కఱ్ఱలే మఱొకచోట కట్టుదురు.

1970లో యమాడా, స్పూనర్, వెసెల్స్ అనువారు జరిపిన ప్రయోగమున నిది స్పష్టమైనది. కాల్చిసిన్ అను విషము సూక్ష్మనాళికలను కట్టుకొననీయదు. దానిని తగిలించినపుడు అప్పటికే పెరిగిన తంతువు క్రమముగ కుదించుకొని వెనుకకు పోయెను. ఆక్టిన్‌ను చెఱచు సైటోకలాసిన్ తగిలించినపుడో, కొన కదలిక మానినదిగాని తంతువు నిలిచియే యుండెను. ముందునకు వెదకుట యొకదాని పని, నిలుపుట వేఱొకదాని పని. ఈ కాల్చిసిన్ అడవినాభి దుంపయందును గలదు. తమిళనాడు రాష్ట్రపుష్పమైన చెంకాందళ్ ఈ మొక్కదే. పువ్వెంత యందమో దుంప యంత ప్రాణాంతకము.

పిండపు మెదడులో నాడీకణములు పుట్టినచోటనే యుండవు; పైపొరకు ప్రయాణము చేయవలెను. ఆ ప్రయాణమున సూక్ష్మనాళికలను పట్టియుంచు మాంసకృత్తులలో డబుల్‌కార్టిన్ ఒకటి. 1998లో దీని జన్యువు గుర్తింపబడినది. అది ఎక్స్ వర్ణదేహముపై నున్నది. మగశిశువునకు ఆ వర్ణదేహ మొక్కటియే గనుక, జన్యువు చెడినచో మెదడు ముడుతలు లేక నునుపుగ నేర్పడును. మూర్ఛలు, బుద్ధిమాంద్యము కలుగును. ఆడశిశువునకు రెండుండుటచే కొన్ని కణములు పైకి చేరును, కొన్ని నడిమార్గమున నాగి రెండవపొరగ మిగులును. ఒక్క మాంసకృత్తు లోపమునకు ఇంత ఫలము!

పుట్టినపిమ్మటను ఈ పని యాగదు. మూలభాగమున తయారైన కొన్ని సామగ్రులు సూక్ష్మనాళికలే బాటలుగ దినమునకు 400 మిల్లీమీటర్లవఱకు పోగలవు. నిర్మాణక మాంసకృత్తులు మాత్రము దినమునకు కొలది మిల్లీమీటర్లకంటె నడువవు. తెగిన చేతినరము మరల పెరుగు వేగము దినమునకు సుమారొక మిల్లీమీటరు. మోచేతినుండి వ్రేళ్లకొనలవఱకు స్పర్శ తిరిగివచ్చుటకు సంవత్సరము పైబడుట యిందువలననే.

పెరటిలో పూచు బిళ్ళగన్నేరు ఈ సందర్భమున జ్ఞప్తికి రావలెను. తమిళులు దానిని నిత్యకల్యాణి యనియు, మహారాష్ట్రులు సదాఫులి యనియు పిలుతురు. అందుండి తీసిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్తకేన్సరు చికిత్సలో ముఖ్యమైన మందు. అదియు ట్యూబులిన్‌ను పట్టుకొని సూక్ష్మనాళికలను కట్టుకొననీయదు. విభజింపజాలక కేన్సరుకణము చచ్చును. నాడీకణము విభజింపదుగాని దాని బాట చెడును. పొడవైన తంతువునకే మొదట దెబ్బ. అందుచే పాదములు తిమ్మిరెక్కుట, నడకలో కాలిముందుభాగ మీడ్చుట కనబడును. (ఆకు నమలిన మందగునని తలంచరాదు, ఆకులో నిది అత్యల్పము, తక్కిన రసాయనములు హానికరములు.) దీనికి విరుద్ధముగ, పాక్లిటాక్సెల్ అను మందు సూక్ష్మనాళికలను విడిపోకుండ బిగించును. 1979లో సూసన్ హోర్విట్జ్ దీనిని కనుగొనెను. వింతయేమనగా, దీనివలనను పాదములు తిమ్మిరెక్కును. కట్టుకొననీయకున్నను, విప్పుకొననీయకున్నను నరమునకు కీడే. చికిత్సలో నున్న బిడ్డ తఱచుగ తొట్రుపడుచున్నను, చొక్కా గుండీలు పెట్టుకొనలేకున్నను తల్లిదండ్రులు వెంటనే వైద్యునకు చెప్పవలెను. వైద్యుడు మందు మోతాదును తగ్గించుటయో కొంతకాల మాపుటయో చేయును. పెక్కుమందిలో నెలలు గడచినకొలది పాదములకు బలము తిరిగివచ్చును.